గ నుంచి ణ వరకు

హన్మకొండ చౌరస్తాలో జిరాక్స్ దుకాణం మీది గది.
జిల్లా విజ్ఞానకోశానికి అక్షరాలు పంచుకున్నాం.
నా పాలికి గ నుంచి ణ వరకు.
"ఎంట్రీ అనొద్దు, ఆరోపం అనాలె" అన్నాడు యాదగిరాచారి సారు.
ఆరోపానికి నలభై మాటలు, మాటకు రూపాయి.
నలభై ఒకటో మాట సొంత ఖర్చు.

గుమ్మడిగట్టు: ఊరు. రైలుకట్ట పక్కన. రైలు ఆగదు.
ఆగని రైలుకు చేతులూపి ఊపి
ఆ ఊరి పిల్లలకు కుడిభుజాలు బలమని రాస్తే
ఎర్రగీత పడింది.

ఘన్‌పూర్: మూడు దొరికాయి.
స్టేషనున్నదొకటి, గుళ్లున్నదొకటి,
ఉత్తగ ఉన్నదొకటి.
ఉత్తగ ఉన్నదాని గురించే ఎక్కువ రాయబుద్ధయింది.

ఙ దగ్గర ఏమీ లేదు.
ఖాళీ పేజీ కూడా ఇవ్వరు దానికి.

చిలువేరు నర్సింగం: జంపఖానాల నేతగాడు. కొత్తవాడ.
జ. 1931. మ. ?
నీలం మీద పచ్చ నెమళ్లు నడిచే ఇతని జంపఖానా
ఢిల్లీలో, అద్దాల బీరువాలో ఉన్నది.

ఆ ప్రశ్నార్థకం కోసం కొత్తవాడ పోయాను.
సందంతా రంగునీళ్లు. దండేల మీద తడి నూలు చిలపలు.
గడపలో కూచుని ఒకామె కండెలు చుడుతున్నది.
నన్ను చూసీ రాట్నం ఆపలేదు.

"ఏ సాలని చెప్పాలె బిడ్డా.
మిల్లు కూత బందైనంక రెండో వానకాలం.
మొగ్గం మీద సగం జంపఖాన ఉండె.
పదొద్దులు అయినంక గుంటల నేను కాళ్లు పెట్టిన.
నీలం ఆయినది.
నెమలి తగిలిన కాడినుంచి నాది.
కొన్నోడు ఎరికపట్టలె. నేను చెప్పలె.
వచ్చిన పైసలు దినాల బాకీకే పాయె."

పేరడిగితే మానిక్కెమ్మ అన్నది.
మాణిక్యమ్మ అని రాసుకున్నాను.

మిల్లు కూత ఏ ఏట ఆగిందో
మూడు కాగితాల్లో మూడు సంవత్సరాలున్నాయి.
ప్రశ్నార్థకాన్ని అట్లనే ఉంచాను.

"చ అచ్చుకు పోయింది" అన్నాడు సారు.
ఇంటిపేరు తీసేసి మాణిక్యమ్మగా రాద్దామంటే
"మ నీది కాదు, పరకాల సారుది.
ఆయన మడికొండ దగ్గర్నే ఆగిండు.
మా దాకా ఎప్పుడొస్తడో."

జక్కుల ఓదెలు: నీళ్లు చూసేవాడు.
అరచేతిలో కొబ్బరికాయ నిలబడ్డ చోట తవ్వమనేవాడు.
నూటపన్నెండు బావులు.
తన చెలకలో మాత్రం రాయి.

ఠాణా: నిజాం కాలపు అమీను కూచున్న గది.
ఇప్పుడు అంగన్‌వాడీ గుడ్లు పెడుతున్నారు.
కొరడా తగిలించిన మేకుకు పలకల సంచీ.
(ఇది సారుకు నచ్చింది. మేకు తీసేయమన్నాడు.)

డోర్నకల్: జంక్షన్.
దిగినవాళ్లకంటే మారినవాళ్లు ఎక్కువ.

ఇక ణ మిగిలింది.
దానితో మొదలయ్యే మాట తెలుగులో లేదు,
వదిలేసి బిల్లు పెట్టుకొమ్మన్నారు.
ఆ రాత్రి కరెంటు పోయి వచ్చే లోపల రాశాను:

ణ: అక్షరం. మాటకు ముందర నిలబడనియ్యరు.
నడుమ చేరి మోస్తుంది, రుణంలో, ప్రాణంలో, కాణీలో.
పలికేవాళ్ల నోట్లో న అయిపోతుంది.
సగం నుంచి అందుకోవడం దానికి తెలుసు.
ఉనికి: కొత్తవాడ, రంగునీళ్ల సందు, రాట్నం చప్పుడు.
చూ. నీలం ఆగిన చోటు.

సారు రెండుసార్లు చదివాడు.
కళ్లద్దాలు పంచె కొసతో తుడిచి
"ఇది ఆరోపం కాదు నాయనా, ఆరోపణ" అన్నాడు.

ఆ మాట చివర ఏ అక్షరమున్నదో
ఆయనకు వినబడలేదు.
వినబడిందేమో కూడా.
ఎర్రకలం చేతిలోనే ఉన్నది,
మూత ఇంకా తీయలేదు.