మాట పడే చోటు

"రేపు డ్యూటీ ఎక్కేముందు ఒకసారి కనబడు."
మెసేజి అంతే.
చివర చుక్క పెట్టి మరీ పంపింది స్టావ్రూలా.
ఆ చుక్క చూశాక
అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

మెల్‌బోర్న్‌లో ఆరేళ్ళుగా ట్రామ్ నడుపుతున్నాను.
అంత ఇనుమునీ, అందులో నిలబడ్డ జనాన్నీ
వానలో కూడా గీత దాటకుండా ఆపగలను.
ఆ రాత్రి నన్ను నేను ఆపుకోలేకపోయాను.
ఏం తప్పు చేశానో వెతికితే
పదకొండయ్యేసరికి పద్నాలుగు దొరికాయి.
మొన్న క్యాంటీన్‌లో ఆవిడ నావైపు చూడకుండా వెళ్ళడం పదిహేనోది.
రెండింటికి రాజీనామా రాశాను.
మర్యాదగానే రాశాను, అక్షరదోషాలు దిద్ది మరీ.

పొద్దున ఆవిడ అడిగింది:
"గురువారం థియెన్‌తో షిఫ్ట్ మార్చుకుంటావా?
వాళ్ళమ్మకి కంటి ఆపరేషనట."
ఓ, దానికేం, అన్నాను.
బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.
ఊరటతో కాదు.
దెబ్బ తగలకుండానే కమిలింది గనక.

మన భాషలో దీనికి మాటలు లేకపోలేదు.
నొచ్చుకోవడం, అలగడం, మనసులో పెట్టుకోవడం.
చిన్నబుచ్చుకోవడం అయితే దగ్గరదాకా వస్తుంది,
నిజంగానే చిన్నదాన్నయిపోతాను,
చొక్కా నాకన్నా పెద్దదైపోతుంది.
ఆరో తరగతి నాటకంలో నా పేరు చదవలేదని
మూడు రోజులు జ్వరం తెచ్చుకుంటే
మా పెద్దమ్మ తేల్చేసింది: "ఇది మాట పడదమ్మా."
అలక అనుకున్నారు అందరూ.
అలిగినవాళ్ళకి ఎవరో ఒకరు బతిమాలతారని ఆశ ఉంటుంది.
నేను మంచం కింద దూరి
ఎవరూ పిలవకూడదని దండం పెట్టుకున్నాను.

మాట అందరి మీదా పడుతుంది.
రేకు మీద వానలా కాసేపు చప్పుడు చేసి
జారిపోతుంది చాలామందికి.
నాకు పైకప్పు వేయడం ఎవరో మరిచిపోయారు.

నార్త్‌కోట్‌లో, రొట్టెల దుకాణం పైన, చిన్న గది.
నేను వెళ్ళింది తాళాలు పోతున్నాయని,
పొయ్యి మీద పాలు మరిచిపోతున్నానని.
ఏడీహెచ్‌డీ అన్నారు, ముప్పై ఎనిమిదో ఏట.
ఫైలు మూస్తూ మూస్తూ ఆ డాక్టరమ్మ అడిగింది:
"ఇప్పటిదాకా ఎన్ని రాజీనామాలు రాశారు?"
"పంపినవా, పంపనివా?" అన్నాను.
ఆవిడ పెన్ను కింద పెట్టింది.

పంపినవి నాలుగు.
రెండు ఉద్యోగాలకి, ఒకటి వీణ క్లాసుకి,
ఒకటి వనజకి.

మీలాంటి చాలామందికి ఉంటుందండీ, అంది,
కాదన్న వాసన తగిలితే చాలు, ఒళ్ళంతా మంట.
దానికో పేరు కూడా చెప్పింది,
పెద్ద పుస్తకాల్లోకి ఇంకా ఎక్కలేదట.
ఇల్లు చేరేలోగా పేరు మరిచిపోయాను.
గుర్తున్నది ఒక్కటే:
"నొప్పి నిజమే. కథ సంగతి పొద్దున చూద్దాం."

పోయిన నెల థియెన్‌కి శిక్షకుడు చెప్పాడు,
బెల్ ఇంకాస్త ముందు కొట్టాలని. అంతే.
థియెన్ నవ్వాడు, తప్పకుండా అన్నాడు,
వెళ్ళి లాకర్ ఖాళీ చేస్తున్నాడు:
కప్పు, గొడుగు, ఒక జత మేజోళ్ళు.

ఆ నవ్వు నాకు తెలుసు. అది నాదే.

మనసుకి తీసుకోకు అని అనలేదు.
ఆ మాట నాతో ఎంతమంది అన్నారో!
తీసుకునేది మనమైతే కదా, మానడానికి.
బెంచీ మీద పక్కన కూర్చున్నాను.
"రేపు ఒంటిగంట పదికి నాతో భోంచెయ్యి.
చింతకాయ పచ్చడి తెస్తాను, కారం ఎక్కువ.
నీ మీద ఎవరికీ కోపం లేదు. అడిగే వచ్చాను."
చాలాసేపటికి గొడుగు తిరిగి లోపల పెట్టాడు.
కప్పు మాత్రం చేతిలోనే ఉంచుకున్నాడు.

స్టావ్రూలా ఇప్పుడు కారణం కూడా రాస్తుంది మెసేజిలో.
ఒక్కోసారి మరిచిపోతుంది.
అప్పుడు అన్నం తినేసి, ఆ తర్వాత భయపడతాను.

వనజకి ఇంకా రాయలేదు.
రాస్తే
జవాబు ఒక్క ముక్కలో వస్తుందేమోనని.