రెండు ఎమ్‌లు

మడివాళలో తెల్లారకముందే బస్సులు
పిల్లల్ని దించి పోతాయి, సూట్‌కేసులతో సహా.
తొమ్మిదికల్లా వాళ్ళ పీజీ ఓనర్లు మా కొట్టు ముందుంటారు,
సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకొచ్చిన బోర్డుతో.

రేడియం స్టిక్కర్లు కోసే మిషను నాది.
కోసేముందు ఒకసారి చదువుతాను,
నాకున్న జబ్బు అదొక్కటే.

‘అకామడేషన్‌కి రెండు సీలు, రెండు ఎమ్‌లన్నా’ అంటే
సీనప్ప మీసం కింద నవ్వుతాడు:
‘ఒక్కో ఎమ్ చాల్లే తల్లీ, అక్షరానికి పన్నెండు రూపాయలు!’
చోటు అనే మాటలోనే
ఒకరికి చోటు లేకుండా చేసి,
గదిలోకి మాత్రం నాలుగో మంచం దూరుస్తాడు.

పుంగనూరులో ట్యూషన్ చెప్పిన హేమావతక్క
నాకు స్పెల్లింగులు తినిపించింది.
నెసెసరీకి ఒక చెరుకుముక్క, రెండు సున్నుండలు.
సెపరేట్ నడుమ ఈ కాదే, ఏ.
ఇద్దరు విడిపోయాక
మధ్యలో మిగిలేది ‘ఏయ్’ అన్న పిలుపొకటే,
అట్లా గుర్తు పెట్టుకో, అంది.
అప్పటికి అక్క మొగుడు వెళ్ళిపోయి ఎనిమిది నెలలు.
నాకు పదమూడేళ్ళు. స్పెల్లింగు మాత్రమే అర్థమైంది.

ఆటో నంజుండకి వెనక అద్దం మీద
‘గాడ్స్ గిఫ్ట్’ కావాలి.
గాడ్‌కీ ఎస్‌కీ మధ్య పైన చిన్న కామా పెట్టాను.
‘దేవుడికి తోకెందుకు మేడమ్?’ అన్నాడు.
‘ఆ గిఫ్టు దేవుడిదని చెప్పే తోక అది.’
ఆలోచించి, ‘ఇర్లి బిడి,
దానికి డబ్బులు మాత్రం ఇవ్వను’ అన్నాడు.

టైలర్ జబీవుల్లాకి చివర ఈ తీసి ఓ పెట్టాను,
అడక్కుండానే.
సాయంత్రానికి తిరిగొచ్చాడు,
సంచిలోంచి కాగితాలు ఒక్కొక్కటీ గాజుబల్ల మీద పరిచాడు.
లైసెన్సులో ఈ. పాసుబుక్కులో ఈ. కరెంటు బిల్లులో ఈ.
‘ఇరవై రెండేళ్ళుగా తప్పుగానే బతుకుతున్నానమ్మా,
ఇప్పుడు నువ్వు దిద్దితే
లోను ఎవరికిస్తారు?’

బ్లేడుతో ఓని గీకేశాను.
ఈని అతికించి, బుడగలు లేకుండా బొటనవేలితో రుద్దాను.

నా సంగతి ఆయనకి చెప్పలేదు.
నా పేరు వకుళ.
పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎవరి నిద్రమత్తులోనో
యు రాలిపోయింది.
అప్పట్నుంచి బ్యాంకులో వక్లా, ఆసుపత్రిలో వక్లా,
లోను అమ్మేవాళ్ళ ఫోన్లలో ‘వక్లా గారేనా?’
దిద్దాలంటే నోటరీ, ముద్ర,
రెండు పేపర్లలో ప్రకటన.
ఊరంతటి బోర్డులు దిద్దే నేను
‘అవునండీ’ అంటాను.
కత్తిరింపుల డబ్బాలో మాత్రం
ఎర్రవి, పచ్చవి యులు చాలా ఉన్నాయి, పారెయ్యలేదు.

మొన్న రాత్రి కొట్టు మూసి వెళ్తూ
సీనప్ప బోర్డు దగ్గర ఆగాను.
మిగిలిన అక్షరాల్ని వేడిచేసి పీకి, కాస్త పక్కకి జరిపి
రెండో ఎమ్‌ని ఇరికించాను.
పన్నెండు రూపాయలు నా లెక్కలో రాసుకున్నాను.

పొద్దున అదే దారిలో వస్తుంటే
బోర్డు కింద కొత్త కుర్రాడొకడు,
మెడలో దిండు, కాళ్ళ దగ్గర సూట్‌కేసు,
ఫోన్లో ఎవరికో గుర్తులు చెప్తున్నాడు:

‘ఈ సందులోకే రారా, మెడికల్ షాపు పక్కన.
స్పెల్లింగ్ తప్పుంటది చూడు,
రెండు ఎమ్‌లు పెట్టారు.’