మాట అందించడం

ఆ నాటకం మొత్తం నాకు బస్సులోనే వచ్చింది.
పద్నాలుగో నంబరు బస్సు, వాదీ కబీర్ నుంచి బడి దాకా
ముప్పావు గంట.
వెనక సీట్లలో పిల్లలు డైలాగులు వల్లెవేస్తుంటే
నేను మెట్ల దగ్గర నిలబడి
బ్యాగులు అందుకుంటూ, చెయ్యి అందిస్తూ,
తప్పిపోయిన మాట కూడా అందించేదాన్ని.
"మార్తమ్మాంటీ, తర్వాతేంటి?"
"ఒడ్డు కనపట్టం లేదని ఎవరన్నారు? అదీ తర్వాత."

నాటకం పేరు ఉప్పు పడవ.
ఏడుగురు పిల్లలు, ఒక తాడు, ఒక తుఫాను.
తుఫాను వేషం ఉమైర్‌ది,
వాడికి మాటల్లేవు, ఊదడమే.
మార్చిలో నాటకాల పండగ. ఎనిమిది బళ్ళు, పెద్ద హాలు.
వైదేహి టీచర్ నన్ను తెర పక్కన కూర్చోమంది,
ఏ స్టూలో కూడా చూపించింది.

ఆ వారమే బడి మూసేశారు.
బస్సు ఎండలో నిలబడిపోయింది.
జీతం సగం అన్నారు,
తర్వాత ఆ సగం సంగతి ఎవరూ ఎత్తలేదు.
మత్రా చుట్టూ గేట్లు పడ్డాయి.
రువీలో మా గదిలో నలుగురం,
ఒకరు దగ్గితే ముగ్గురం గోడవైపు తిరిగేవాళ్ళం.

మే నెలలో టీచర్ ఫోను:
"పండగ ఆన్‌లైన్లో పెడుతున్నారు మార్తమ్మా,
కాగితాలేమో స్టాఫ్ రూములో ఉండిపోయాయి.
నీకేమన్నా గుర్తుందా?"
గుర్తుండకేం.
రెండు రాత్రులు చెప్పాను, ఆవిడ రాసుకుంది.
తుఫాను ఊదే చోట ఊదాను కూడా.
పక్క మంచం మీద రాజమణి ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

తాడు దగ్గరే వచ్చింది చిక్కు.
తలా ఒక మూరెడు ముక్క పట్టుకోమన్నారు.
తాడు దొరకనివాళ్ళకి చున్నీ, చార్జరు వైరు,
హన్వితకి వాళ్ళ నాన్న టై.
ఈ గడి అంచు నుంచి ఆ గడి అంచుకి చాపితే
టీచర్ లాప్‌టాప్‌లో తాడు కలిసింది.
"వచ్చింది! వచ్చిందర్రా!" అని చప్పట్లు కొట్టింది.
నా ఫోన్లో గడుల వరస వేరు.
చివరి పిల్ల ముందు, తుఫాను నడిమధ్య,
ఏ ముక్కా ఏ ముక్కనీ ముట్టుకోలేదు.
ఎవరి ఇంట్లో వాళ్ళు
గాలిని పట్టుకుని లాగుతున్నారు.
ఆ మాట టీచర్‌తో అనలేదు నేను.

నాటకం రోజు నా పని ఎప్పటిదే అనుకున్నాను.
చేతస్ ఆగిపోయాడు.
వాడి కళ్ళు పక్కకి తిరిగాయి,
బస్సులో నేనుండే వైపు.
గుసగుసగా అందించాను.
అంతే, నా గడి చుట్టూ పచ్చగీత వెలిగింది.
తెరంతా నేనే:
నైటీ మీద కప్పుకున్న తువ్వాలు,
వెనక తీగ మీద ఆరేసిన యూనిఫాం,
రాజమణి, ఆవిడ అన్నం కంచం.
చీకట్లో కూర్చోవలసిన మనిషిని
మూడొందల ఇళ్ళలో దీపం పెట్టి చూపించారు.
ఫోను బోర్లించేశాను.

మళ్ళీ తిప్పేసరికి తుఫాను నడుస్తోంది.
హన్విత బొమ్మలా నిలిచిపోయి ఉంది,
నోరు సగం తెరిచి, టై సగం పైకెత్తి.
వాళ్ళ నాన్న ఆస్పత్రిలో చేరి పదకొండో రోజు.
నెట్టో, మరింకేదో.
ఆ పిల్ల మాట రావాల్సిన చోట ఖాళీ.
ఉమైర్ ఊపిరి చాలక ఊదడం ఆపాడు.
ఎవరూ కదల్లేదు.

"ఈ కొస నా చేతిలోనే ఉంది, మీరు లాగండి"
అన్నాను.
గుసగుసగా కాదు.
బస్సు ఇంజను మీదుగా వినపడేట్టు
రోజూ అరిచే గొంతుతో.
లాగారు.

జడ్జీల్లో ఒకాయన రాశాడట,
ముసలి సరంగు వేషం సహజంగా ఉందని.
టీచర్ నవ్వి నవ్వి చెప్పింది.

రాత్రి హన్విత ఫోన్ చేసింది.
"ఆంటీ, నా మాట నువ్వు చెప్పేశావా?"
"చెప్పలేదమ్మా. అందించానంతే."
"ఎవరికి?" అంది.

తర్వాతది
నాకు గుర్తు రాలేదు.