ఎవరూ చదవని మొదటి వాక్యం

గుదైబియా సందులో, కోయ టైపింగ్ సెంటర్ మేడమీద
ఏసీ నీళ్లు బకెట్లోకి బొట్టుబొట్టుగా లెక్కపెడుతున్న రాత్రి
పేజీ నెత్తిన ఏం రాయాలో తేలక కూర్చున్నాను.

ఆ ఒక్క వాక్యం తెరమీద కనపడదు.
కింద రాసిందంతా ఏ చట్టం ప్రకారం చదవాలో
బ్రౌజర్ చెవిలో చెప్పి తప్పుకుంటుంది.
రోవేనా అంది: "ఎక్స్‌హెచ్‌టీఎంఎల్. స్ట్రిక్ట్. ఇంకో మాట లేదు."
తెరిచిన ప్రతి ట్యాగూ మూయాలి,
లోపలి డబ్బాకి మూత పెట్టాకే
బయటి డబ్బాకి మూత.

నాకూ నచ్చింది, అబద్ధమెందుకు?
పాత హెచ్‌టీఎంఎల్‌ది మరీ మెతక గుణం.
ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం.
పేరా మూయలేదా, సరే. టేబుల్లో టేబుల్ ఇరుక్కుందా, సరే.
ఏదో ఊహించుకుని ఏదో చూపించేస్తుంది,
ఆ ఊహ ఒక్కో బ్రౌజర్లో ఒక్కోలా.
ఊహల సంగతి ఈ మేడమీద మాకు తెలిసినంత ఎవరికి తెలుసు?
కౌంటర్ వెనక మనిషి ఊహించినందుకే కదా
ముత్తెన్న ఇంటిపేరు సీపీఆర్ కార్డులో
వాళ్ల నాన్న పేరైపోయింది.

స్ట్రిక్ట్ అనే రాశాను.
వాలిడేటర్ ఆకుపచ్చ పట్టీ చూపింది.
రోవేనా కరక్ చాయ్ తెప్పించింది, తన డబ్బుతో.

పదకొండు రోజులు నడిచింది.
ఎవరి వీసా ఎక్కడుందో, ఎవరి మెడికల్ అయిందో
సల్మాబాద్ నెట్ సెంటర్లో గంటకు రెండొందల ఫిల్సు పోసి
చూసుకునేవాళ్లు.

పన్నెండో రోజు, గురువారం సాయంత్రం,
కోయ ఒక కంపెనీ పేరు ఎక్కించాడు. హద్దాద్ & సన్స్.
మధ్యలో ఉన్న ఆ ముడి ఒట్టిగా రాకూడదు,
దానికి వేరే రాత ఉంది.
కోయకేం తెలుసు? బోర్డుమీద ఎలా ఉందో అలా కొట్టాడు.
పేజీ మొత్తం చచ్చింది.
పసుపు తెర, ఎర్ర అక్షరాలు, ఒక లైను నంబరు.
నాలుగొందల పేర్లలో ఒక్క పేరూ లేదు.

శుక్రవారం సెంటర్ మూత.
శనివారం పొద్దున మెట్లమీద ముత్తెన్న,
సిమెంటు ఆరని బూట్లతోనే.
"పసుపు రంగొచ్చింది మేడం, ఎర్రగ ఏందో రాసుంది.
క్యాన్సిల్ జేసిండ్రా?"
రాత్రంతా క్యాంపులో పదహారు మంది
ఆ నంబరు ఎవరి ఫైలుదని కొట్లాడుకున్నారట.
"నూట డెబ్బై రెండు నాదే గావచ్చు.
నా రూము నంబరు గూడ గదే."

ఏం చెప్పను?
ఎవరో షేకు దుకాణం పేరులో
ఒక ముడి విప్పడం మరిచామని చెప్పనా?

మధ్యాహ్నం మొదటి వాక్యం మార్చాను. మెతకదే పెట్టాను.
రోవేనా రెండు రోజులు మాట్లాడలేదు.
ఆమె మాటలోనూ న్యాయముంది:
పోన్లే అనడం మొదలెడితే
పోన్లే అనడమే చేతికొస్తుంది.
అందుకే ఇప్పటికీ ప్రతి ట్యాగూ మూస్తాను, అడిగేవాళ్లు లేకపోయినా.
కట్టుబాటు నాకే పెట్టుకున్నాను. పేజీకి పెట్టలేదు.

అరబీ వాక్యం కుడి నుంచి, తెలుగు వాక్యం ఎడమ నుంచి వచ్చి
ఫోన్ నంబరు దగ్గర గుద్దుకుంటాయి.
ఆ తగువు ఇంకా తెగలేదు.

ముత్తెన్న పేరు పాస్‌పోర్టులో ఒకలా,
కార్డులో ఒకలా, జీతం కవరుమీద ఇంకోలా ఉంది.
ఏది కొట్టినా అతనే దొరికేలా మూడూ పెట్టాను.
నాలుగోది కూడా ఉందన్నాడు, బూటుతో గచ్చు గీకుతూ.
చెప్పమన్నాను.

"అది వద్దు మేడం.
గది ఇంట్ల పిలిచేది."