వెయ్యీ నలభై గ్రాములు

"బరువైపోయింది హెడ్విగా, కాస్త తేలిక చెయ్యి"
అంటూ మేకతోలు సంచిలోంచి పిస్తోలు తీసి
బల్లమీద పెట్టాడు ఏకెహార్ట్ వోల్ఫింగ్.
బరువైంది పిస్తోలు కాదని ఇద్దరికీ తెలుసు.
అతని చూపుడువేలు
కణుపుల దగ్గర అల్లంకొమ్ములా తిరిగిపోయింది.

సూల్ ఊళ్ళో ఫిబ్రవరి.
ఈ వీధిలో ఒకప్పుడు పదకొండు తుపాకీ కొట్లు.
తెల్లారకుండానే ఆకురాళ్ళ రాపిడి మొదలైతే
పిట్టలు వేరే వీధి చూసుకునేవట.
ఇప్పుడు నేనొక్కదాన్నే.
పిట్టలు తిరిగొచ్చాయి.

గుండు పెట్టే గది తెరిచి చూశాను. ఖాళీ.
మళ్ళీ చూశాను.
మా గురువు గెర్లాఖ్ మూడోసారి కూడా చూసేవాడు.
ఎందుకని అడిగితే మాట్లాడకుండా
ఎడమచెవి ఇటు తిప్పేవాడు,
తమ్మె లేని చెవి.
మూడోసారీ చూశాను.

అంకెలు వెలిగే త్రాసు నాకు లేదు.
కిరాణాకొట్టు మూతపడిన రోజు తెచ్చుకున్న తూకపురాళ్ళు,
ఒక తీగ కొక్కెం.
గొట్టం నిలబెట్టి మీటకు కొక్కెం తగిలించి
ఒక్కొక్కటే ఎక్కించాను.
వెయ్యి. ఆగింది.
ఇంకో ఇరవై. ఆగింది.
ఇంకో ఇరవై,
గుర్రుమని, కాస్త కదిలి, అప్పుడు పడింది.

వెయ్యికి ఒక్క గ్రాము తగ్గినా
శనివారం క్లబ్బులో వెనక్కి పంపేస్తారు,
ఎనభై మూడేళ్ళవాడని చూడరు.
అంటే నాకు మిగిలింది నలభై గ్రాములు.
కోడిగుడ్డంత కూడా లేదు.

పక్కరేకు విప్పాను.
లోపలివైపు, ఎవరూ చూడని చోట, సూదిమొన గీతలు:

1958 – 1350
1971 – 1200
1986 – 1100
2004 – 1040

మొదటి మూడూ గెర్లాఖ్‌వి, ఏడుకు నడుం కట్టడం అతని అలవాటు.
మొట్టమొదటిది ఏకెహార్ట్ అక్క వాల్‌బుర్గా వేలికి.
పాల క్యాన్లు మోసిన వేలు,
మీట తేలిగ్గా ఉంటే నమ్మేది కాదట.
అప్పట్లో పిస్తోలు క్లబ్బుది, బీరువా తాళం ఇంకెవరిదో.
ఆమె పోయాక, సరిహద్దు గోడ కూడా పోయాక
తమ్ముడు వేలంలో కొన్నాడు.
చివరి గీత నాది.

భూతద్దం పెడితే దొరికింది.
కొక్కెం అంచున ఒక గరుకు,
పంటి సందున ఇరుక్కున్న పీచులాంటిది.
మీట జారుతూ జారుతూ అక్కడికొచ్చి
ఆగి ఆలోచిస్తోంది.
ఆ ఆలోచనే అతని వేలికి బరువు.

నూనెరాయి మీద, ఒకే దిక్కుగా,
ఊపిరి బిగబట్టి పన్నెండు సార్లు.
పదమూడోది దురాశ.
వెంట్రుకవాసి ఎక్కువ అరిగితే
తలుపు వేసిన చప్పుడుకే పేలుతుంది.
అలాంటిదొకటే గెర్లాఖ్ చెవి అడిగి పుచ్చుకుంది.

తుడిచి, బిగించి, మళ్ళీ తూచాను.
వెయ్యీ ఇరవై. ఆగింది.
ఇంకో ఇరవై. టక్!
ఎండిన చిక్కుడుకాయ చిట్లినట్టు,
ముందూ లేదు, వెనకా లేదు.

ఖాళీ పిస్తోలు అతని చేతికిచ్చాను.
గోడమీది నల్లచుక్కకు గురిపెట్టి నొక్కాడు.
ఇంకోసారి నొక్కాడు.
"ఎంత తగ్గించావ్?"
"గ్రాము కూడా తగ్గించలేదు."
నావైపు చూశాడు, తలుపువైపు చూశాడు,
గొంతు తగ్గించి అన్నాడు:
"నేనెవరికీ చెప్పన్లే."
ఒట్టేసి చెప్పినా నమ్మేలా లేడు.
కన్ను కూడా గీటాడు.

పని కూలి కింద ఒక సీసాడు అడవిపళ్ళ జామ్ పెట్టి
కోటు తొడుక్కోవడం మొదలెట్టాడు.
దానికి ఆరు గుండీలు.
నేను పిస్తోలు తీసుకుని, రేకు మళ్ళీ విప్పి,
నాలుగు గీతల కింద ఈ ఏడాది గీసి,
పక్కనే పాత తూకమే గీసి,
మరలు బిగించి తలెత్తేసరికి
అతను నాలుగో గుండీ దగ్గరున్నాడు.

గుడ్డ తీసుకుని
అప్పటికే శుభ్రంగా ఉన్న బల్లను
ఈ చివరినుంచి ఆ చివరికి
నెమ్మదిగా తుడిచాను.