తాళాలు ఇచ్చే ముందు

చిలోయె దీవి, కాస్త్రో ఊరు.
మే నెల ముసురు.

తాళాలు తర్వాత, నాయరెత్.
ముందు ఆ రబ్బరు బూట్లు తొడుక్కో, కిందికి దిగుదాం.
సముద్రం వెనక్కి తగ్గి ఉండేది ఇంకో గంటే.
ఇల్లు కొనేవాళ్ళంతా గోడలు చూస్తారు,
నువ్వు కాళ్ళు చూడు.

పద్నాలుగు స్తంభాలు.
ఇదిగో చాకు. పొడువు.
భయపడకు, ఇల్లు అరవదులే.
మొన గోరంత దిగితే కొయ్యలో ఇంకా ప్రాణముంది,
వేలెడంత దిగితే కొత్తది తెప్పించు.
ఏడాదికి ఒకటి చాలు.
అన్నీ ఒకేసారి మార్చబోయిన మన్సీయా వాళ్ళిల్లు
పదకొండు రోజులు జాకీల మీద కుంటుతూ నిలబడింది.
ఆ పదకొండు రాత్రులూ వాళ్ళు మా వంటింట్లో పడుకున్నారు,
ఎనిమిదిమంది,
ఒక మేక.

పద పైకి.
గోడ నిండా చేప పొలుసుల్లా ఉన్నాయే,
అవి అలెర్సె చెక్కలు.
ఆ చెట్టునిప్పుడు నరకనివ్వరు. నరక్కూడదు కూడా.
అందుకని ఊడినదాన్ని పొయ్యిలో పెట్టకు.
బూడిదైన ముఖం లోపలికి తిప్పి మళ్ళీ కొట్టు,
వెనకవైపు ఇంకా ఎర్రగా, నిన్న చెక్కినట్టుంటుంది.
కింది వరస నుంచి పైకి రావాలి,
పైదాని అంచు కిందిదాని మేకుని కప్పాలి.
వాన వేళ్ళతో తడుముకుంటూ దిగుతుంది,
ఎక్కడా గోరు దూరనివ్వకు.
రాగి మేకులు కొను. ఖరీదే.
ఆ నల్లటి చారలు చూశావా, ఏడిస్తే కారిన కాటుకలా?
ఇనుప మేకులవి,
నా ఇరవయ్యో ఏటి పిసినారితనం.

ఈ పచ్చగోడ పెచ్చులూడుతోంది కదూ.
పాతది గీకకుండా, చెక్క ఆరకుండా,
ఎవడితోనో పందెం కాసి
ఒక్క మధ్యాహ్నంలో వేశాడు హెర్నాల్దో.
ఇప్పుడు పుంతా అరేనాస్‌లో
ఇంకెవరి గోడలకో వేస్తున్నాడు.
పెచ్చులు మాత్రం ప్రతి జనవరిలో నేనే ఎత్తాను.
వరసగా నాలుగు రోజులు ఎండ కాస్తేనే
డబ్బా మూత తియ్యి.
ఇక్కడ అలా కాయదు.
కాస్తే బడికి సెలవు పెట్టు.

చలికాలం కిటికీ తెరవమంటే నవ్వుతావు.
అయినా పొద్దున్నే అరగంట తెరువు.
కెటిల్ ఆవిరి, తడి మేజోళ్ళు, మన ఊపిరి,
బయటికి దారి లేకపోతే
మూలమూలనా బూజై కాపురం పెడతాయి.
కట్టెలు గోడకి ఆనించకు, మూరెడు ఎడం ఉంచు.
అమ్మేవాడు తియ్యగా మాట్లాడతాడు,
మాట వినకు, కట్టెని విను.
రెండు తీసి ఒకదాంతో ఒకటి కొట్టు.
టంగుమంటే దింపించు,
దబ్బుమంటే వచ్చే ఏడు రమ్మను.
పొగగొట్టం మార్చిలో ఒకసారి, జూలైలో ఒకసారి.
బార్రియా వాళ్ళిల్లు ఎక్కడని అడిగావుగా వచ్చేటప్పుడు,
నీళ్ళలో కాలిన మొద్దులు చూశావే,
అదే.

మెట్ల కింద నీళ్ళ వాల్వు.
లోకమంతా కుడికి తిప్పితే ఆగుతుంది,
ఇది ఎడమకి.
ఎందుకని అడగకు, బిగించింది నేను.
కళ్ళు మూసుకుని పదిసార్లు తిప్పి నేర్చుకో,
గొట్టం పగిలేది ఎప్పుడూ రాత్రి రెండింటికే.

ఇంకొకటుంది.

ఉత్తరపు గాలితో వాన వస్తే
బల్ల పక్కన, ఇదిగో ఈ పలక మీద,
ఒక చుక్క.
కాసేపాగి ఇంకోటి.
ముప్పై ఒక్క ఏళ్ళు వెతికాను.
కప్పు విప్పాను, తారు పూశాను,
తడి జాడ తెలుస్తుందని పిండి చల్లాను,
ఒక రాత్రంతా టార్చి పట్టుకుని
అటక మీద బోర్లా పడుకున్నాను.
పైనంతా పొడి. కింద చుక్క.

నోటరీ ముందు చెబుదామనే వచ్చాను,
నోరు రాలేదు.
ఇప్పుడు చెప్పాను,
కావాలంటే ఆఖరి వాయిదాలో కొంత తగ్గించుకో.

తలుపు వెనక సొట్ట గిన్నె ఉంది చూడు,
దాన్ని తీసుకెళ్ళడం లేదు.
అడుగున గుడ్డముక్క వెయ్యి,
లేకపోతే చప్పుడుకి నిద్ర పట్టదు.
కొన్నాళ్ళకి ఆ గుడ్డ నువ్వే తీసేస్తావు.

పట్టు. పెద్దది వీధి తలుపుది.
ఇది కట్టెల కొట్టుది.
ఈ చిన్నది దేనిదో నాకూ తెలీదు.
పారెయ్యకు.