ఖరీదు చీటీ

పాత దుప్పటి ముడి విప్పింది ఎస్తేరు రాణి.
రాయపేటలో మధ్యాహ్నం మూడు, కరెంటు పోయి అరగంట.
చీకటి దుకాణంలో ఒక్కసారిగా
ఇరవై రెండు అంగుళాల పొద్దు.

"రాత్రంతా తోమానండీ,
చింతపండూ, ఉప్పూ, చివర్లో కాస్త బూడిదా.
అన్న వస్తువు మాసిపోయి మీ ముందుకి రాకూడదని."

నేను ఏమీ అనలేదు.
మంచినీళ్ళు ఇచ్చాను.

ఈ పనిలో ముందు చూసేవి వేళ్ళు, కళ్ళు తర్వాత.
అంచు పొడుగునా గోరు జారిస్తూ వెళ్ళాను,
పగులుంటే గోరు ఆగుతుంది.
ఆగలేదు.
తిరగేస్తే సుత్తి దెబ్బలు, వరస తప్పినవి,
మిషను అలా కొట్టలేదు.
ఏ సముద్రాల అవతలో ఒక మనిషికి
ఆవేళ చెయ్యి నొప్పి పుట్టినట్టుంది,
ఒక పక్క తేలిగ్గా కొట్టి వదిలేశాడు.
ఆ పక్కే పలుకు బాగుంటుంది.

టార్చి వాల్చి పట్టాను. ముద్ర ఉంది,
అరబ్బీ అక్షరాల వంపు, కింద అరిగిన నెలవంక.
మద్రాసులో దీన్ని చూడటం నాకిది రెండోసారి.

తూకం రెండు కిలోల నూట డెబ్భై గ్రాములు.
పక్కవీధి పాతసామాన్ల రహమతుల్లా అయితే
కంచు కిలో ఇంత అని ఒక్క గుణకారంతో లేచిపోతాడు.
ఒక్కోసారి నాకన్నా అతనే నిజాయితీపరుడనిపిస్తుంది.

మధ్య చిల్లు గుండ్రంగా లేదు.
కృపావరం ఫెల్టు ముక్కలు కొన్నవాడు కాదు,
సైకిల్ ట్యూబు కోసి తొడిగాడు, అదీ చిరిగాక
ఇనపకడ్డీ మీదే ఊగి ఊగి
ఒక వైపుకి కోసుకుపోయింది.
మా వాళ్ళు దాన్ని తాళంచెవి కన్నం అంటారు.
తాళానికే తాళంచెవి కన్నం.
చెవి పెట్టినవాడికే తెరుచుకుంటుంది.

పుల్ల కొనతో తాకించాను.
ముందు రేకు మీద మొదటి చినుకంత శబ్దం.
దాని వెనక, తీరిగ్గా, మిగతాదంతా వచ్చింది:
పెరంబూరు పెట్టెల కార్ఖానా సైరను, గేటు బయట సైకిళ్ళు,
పేరు పెట్టి ఎవరో ఎవర్నో పిలవడం.
వాచీలో ఇరవై ఏడు సెకన్లు.
నాకు వినపడటం ఆగింది.
ఆమె ఇంకా వింటోంది.

"రికార్డింగు నుంచి ఏ అర్ధరాత్రో వచ్చేవాడు.
అన్నానికి కూర్చునే ముందు దీన్ని పొడిగుడ్డతో ఒత్తేవాడు.
ఇంట్లో అంట్లన్నీ నావే. ఇదొక్కటే
నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు.
ఆడదాని చేతికి అరుగుతుందనుకున్నాడేమో
పిచ్చి మనిషి."

కంచు నలభై ఏళ్ళు
తనకు తాను నేసుకున్న గోధుమరంగు చొక్కా.
కొనేవాడు అడిగేది దాన్నే.
తోమిన దానికి సగం ధర. ఆ సగం కూడా
ముద్ర మీద గౌరవంతో.
కృపావరానికి తెలుసు. చెల్లెలికి చెప్పలేదు.
చెప్పడానికి ఒక్క వాక్యం చాలు,
నలభై ఏళ్ళలో తీరిక దొరకలేదు.

చీటీ తీశాను. అంకె రాశాను, కొట్టేశాను,
ఇంకో అంకె రాశాను.
నా కమిషను గీతలో సున్నా పెట్టి
అది ఆరు అనిపించేలా తోక తగిలించాను, మళ్ళీ తుడిచాను.

"తోమకపోతే ఇంకా తక్కువొచ్చేదేమో కదండీ?"

ఫ్యాను అప్పుడే తిరగడం మొదలైంది.
ముప్పై ఒక్కేళ్ళ దుకాణం నాది,
తూకంలో గ్రాము తప్పలేదు.
"అవునమ్మా" అన్నాను.

ఆమె వెళ్ళాక బోర్లించి చూశాను.
బొడిపె లోపల, వేళ్ళు దూరని చోట,
రూపాయి బిళ్ళంత నలుపు మిగిలే ఉంది.
ఇందాకే కనపడింది. చూపించలేదు.
చూపిస్తే ఇంటికి పట్టుకెళ్ళి
అదీ తోముకొచ్చేది.